శాలువాలు లేని సభ: చెన్నైలో రేడియో జనం మధ్యకు వెళ్తే

మద్రాసులో రేడియో మొదలైంది నలుగురూ కూడి వినే వస్తువుగానే. సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో 1924లో పుట్టిన మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ డబ్బు చాలక మూడేళ్లకే మూతపడింది. దాని ట్రాన్స్‌మిటర్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. 1930 నుంచి కార్పొరేషనే ప్రసారాలు నడిపింది. సెట్టు కొనే స్తోమత చాలా కొద్దిమందికే ఉన్న రోజులవి. అందుకని మెరీనా ఒడ్డున, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టారు. గాలి కోసం వచ్చినవాళ్లు అక్కడే నిలబడి విన్నారు, పక్కవాళ్లతో దాని గురించి మాట్లాడుకున్నారు.

1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలైంది. తమిళం, తెలుగు రెండూ అక్కడి నుంచే వచ్చేవి. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా, రాయలసీమ శ్రోతలకు రేడియో అంటే మద్రాసే. బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో చేరింది అక్కడే. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల్ని మైకు ముందు నిలబెట్టడం మొదలుపెట్టిందీ ఆ ఊళ్లోనే. ఆ తర్వాత రేడియో నట్టింట్లోకి వచ్చింది, అక్కణ్ణుంచి చొక్కా జేబులోకి, ఇప్పుడు చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లలోకి. దాన్ని పదిమంది కలిసి వినే అలవాటు ఇలా క్రమంగా పోయింది.

ఆ అలవాటును మళ్లీ తెచ్చే ప్రయత్నాలు చాలా దేశాల్లో ఉన్నాయి. రేడియో వాళ్లే స్టూడియో వదిలి బయటకు వస్తారు. ఒక పేటలోనో, స్కూలు హాల్లోనో జనాన్ని కూర్చోబెట్టి అక్కడి సమస్య మీద మాట్లాడిస్తారు. అద్దెలు, నీళ్లు, చదువు, కులం, తాగుడు, ఏదైనా కావచ్చు. దాన్ని రికార్డు చేసి ప్రసారం చేస్తారు. బీబీసీలో ‘ఎనీ క్వశ్చన్స్’ కార్యక్రమం 1948 నుంచి ఇలా ఊరూరూ తిరుగుతోంది. న్యూయార్క్‌లో డబ్ల్యూ.ఎన్.వై.సీ. అనే పబ్లిక్ రేడియో 2009లో ఏకంగా రోడ్డు పక్కన సొంత హాలే కట్టుకుంది. అమెరికాలో ఈ సభలకు ఇంకో అవసరం కూడా ఉంది. అక్కడి పబ్లిక్ రేడియో చాలావరకు శ్రోతల చందాల మీద బతుకుతుంది. ముఖం చూసినవాళ్లు చందా ఇస్తారు. 2025లో కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బును అమెరికన్ కాంగ్రెస్ రద్దు చేశాక ఆ అవసరం ఇంకా పెరిగింది. మన దగ్గర శ్రోత రేడియోకి డబ్బు కట్టడం పోస్టాఫీసులో రేడియో లైసెన్సు తీసుకున్న తరంతోనే ఆగిపోయింది. కాబట్టి ఇక్కడ ఇలాంటి సభ పెట్టాలంటే కారణం వేరే ఉండాలి.

ఆ కారణం ఏమిటో మనకు 1956లోనే తెలుసు. పుణె చుట్టుపక్కల జిల్లాల్లో 150 గ్రామాల్లో ఆకాశవాణి యునెస్కో సాయంతో ఒక ప్రయోగం చేసింది. ఊరికో శ్రోతల సంఘం. ఒక్కో సంఘంలో ఇరవై మంది దాకా. ఆదివారం, గురువారం సాయంత్రం అరగంట కార్యక్రమం వింటారు, విన్నాక రేడియో కట్టేసి చర్చిస్తారు, సందేహాలు రాసి కేంద్రానికి పంపుతారు. తర్వాతి కార్యక్రమంలో వాటికి జవాబు వస్తుంది. పోలిక కోసం సంఘాలు లేని గ్రామాలను కూడా పరిశీలించారు. వాటిలో కొన్నింట్లో రేడియో ఉంది, కొన్నింట్లో అదీ లేదు. తేలిందేమంటే, సంఘాలున్న ఊళ్లలో జనానికి తెలిసిన విషయాలు బాగా పెరిగాయి. రేడియో ఉండి సంఘం లేని ఊళ్లలో ఆ పెరుగుదల చాలా తక్కువ. అంటే పెట్టె ఒక్కటే సరిపోలేదు. పక్కన కూర్చుని ‘అదేం కుదర్దు’ అని అడ్డం చెప్పే మనిషి కావలసి వచ్చాడు.

తర్వాత ఈ సంఘాలను దేశమంతా పెట్టారు. కాగితాల మీద వేలల్లోకి వెళ్లాయి, ఊళ్లలో నీరసించాయి. సెట్లు పాడైతే బాగుచేసేవాళ్లు లేరు. పంపిన ప్రశ్నకు జవాబు రాలేదు. ఈ రెండో కారణాన్నే ముఖ్యంగా చూడాలి. పుణె ప్రయోగానికి ప్రాణం పోసింది ఉత్తరం వెళ్లడం, జవాబు తిరిగి రావడం అనే ఆ చిన్న ఏర్పాటే.

ఇప్పుడు చెన్నైకి వద్దాం. తమిళం తర్వాత ఆ నగరంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగే. అయితే చెన్నైలో తెలుగు ఒకటి కాదు, రెండు. ఒకటి మైలాపూర్, టి.నగర్ సభల్లో వినిపించే తెలుగు. పుస్తకావిష్కరణలు, జయంతులు, అవధానాలు. జ్యోతి వెలిగించడంతో మొదలై, వేదిక మీద ఉన్నవాళ్లందరికీ శాలువా కప్పడంతో సగం సమయం గడిచి, వందన సమర్పణతో ముగిసే సభలు. వీటిని వెక్కిరించనక్కర్లేదు. రాష్ట్రం విడిపోయి డెబ్బై ఏళ్లు దాటినా ఆ నగరంలో తెలుగు అక్షరం నిలిచిందంటే వాటి పుణ్యం చాలా ఉంది. రెండో తెలుగు వ్యాసర్పాడి, పులియాంతోపు, రాయపురం వీధుల్లో ఉంటుంది. చెన్నై వీధులు ఊడ్చే, చెత్త ఎత్తే కార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవాళ్లు. నెల్లూరు వైపు నుంచి, ఇతర తెలుగు జిల్లాల నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడినవాళ్లు. వాళ్ల పిల్లలు చదివింది తమిళంలో. తెలుగు వాళ్ల నోట్లో ఉంది గాని కళ్లలో లేదు. అంటే మాట్లాడతారు, చదవలేరు.

తెలుగు పత్రిక ఈ రెండో తెలుగును చేరలేదు. సాహిత్య సభ కూడా చేరలేదు. అక్షరంతో పని లేకుండా చేరగలిగేది రేడియో ఒక్కటే. చెన్నైలోని తెలుగువాళ్ల మధ్య రేడియో సభ పెట్టడానికి అసలైన కారణం ఇదే. ఒకే భాష మాట్లాడుతూ ఒకరినొకరు ఎప్పుడూ వినని రెండు గుంపులు అక్కడ ఉన్నాయి. వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టడం కష్టం. ఒకరి మాటను ఇంకొకరి చెవిలో వేయడం మాత్రం రేడియోకి చేతనవుతుంది.

2025 ఆగస్టులో ఏమైందో గుర్తు తెచ్చుకుంటే ఇది ఇంకాస్త స్పష్టమవుతుంది. రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల్లో చెత్త పనిని ప్రైవేటుకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ పారిశుద్ధ్య కార్మికులు కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్ ముందు పదమూడు రోజులు కూర్చున్నారు. ఆగస్టు 13 అర్ధరాత్రి వేళ పోలీసులు వాళ్లను అక్కణ్ణుంచి తరలించారు. టీవీలు చూపించాయి, పేపర్లు రాశాయి. ఆ ముఖాలను రాష్ట్రమంతా చూసింది. కానీ వాళ్లలో చాలామంది ఇళ్లలో ఏ భాషలో గొడవపడతారో, ఏ భాషలో ఏడుస్తారో చూసినవాళ్లకు తెలియదు. తెలుగు సభలకు వెళ్లేవాళ్లకూ తెలియదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఆ మాట వినిపించే చోటే లేదు, అంతే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. వ్యాసర్పాడి వాళ్లకు తమిళం బాగా వచ్చు కదా, సభ తెలుగులో ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు సమస్యను బట్టి మారుతుంది. కుళాయిలో నీళ్లు రావడం లేదు, డ్రైనేజీ పొంగుతోంది, జీతం ఆలస్యమైంది లాంటివి తమిళంలోనే చెప్పాలి. వినాల్సిన అధికారి తమిళంలో వింటాడు, తమిళంలోనే రాసుకుంటాడు. అక్కడ తెలుగు పట్టుదల చూపిస్తే కార్యక్రమం వినసొంపుగా ఉంటుంది గాని పని జరగదు. మొగుడి తాగుడు, కూతురి పెళ్లి, ఫలానా వీధిలో ఇల్లు అద్దెకివ్వరు అనే మాట, ‘మమ్మల్ని చూసి ముక్కు మూసుకుంటారు’ అనే మాట, ఇవి మాత్రం ఇంటి భాషలోనే బయటికొస్తాయి. వేరే భాషలో అడిగితే ‘ఏం లేదు సార్, అంతా బానే ఉంది’ అనే జవాబు వస్తుంది. కాబట్టి మంచి రేడియో సభ రెండు భాషల్లోనూ నడవాలి, మధ్యలో ఎవరూ దిద్దకూడదు. చెన్నై తెలుగులో తమిళ మాటలు దొర్లుతాయి. వాటిని ఎడిటింగ్‌లో కత్తిరించి ‘శుద్ధం’ చేస్తే మనిషి గొంతు పోయి పాఠం మిగులుతుంది.

ఇంకో భాషా సమస్య ఉంది. ఇది రెండు తెలుగులకూ ఉమ్మడిది. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి. 2006-07లో ఒకటో తరగతితో మొదలైన ఆ నియమం 2015-16కి పదో తరగతికి చేరింది. తెలుగు, ఉర్దూ, కన్నడ, మలయాళ పిల్లల తరఫున కోర్టుల్లో కేసులు నడిచాయి, కొన్నేళ్లపాటు మినహాయింపులు వచ్చాయి. ఈ విషయం మీద మైలాపూర్ సభలో మాట్లాడితే మాతృభాషా పరిరక్షణ గురించి మంచి ఉపన్యాసం వస్తుంది. పులియాంతోపులో అడిగితే ‘మా పిల్లలు తమిళం రాకపోతే ఇక్కడెలా బతుకుతారు?’ అనే ఎదురు ప్రశ్న రావచ్చు. రెండూ నిజమైన వాదనలే. ఇప్పటిదాకా ఒక వాదన మాత్రమే కోర్టుకూ, పత్రికలకూ చేరింది. రెండో దానికి మైకు పెడితే మొదటివాళ్లకు కోపం రావచ్చు. రానివ్వండి, సభ పెట్టేది అందుకే కదా.

సభ పెట్టేది ఎవరు అన్నది అసలు చిక్కు. చెన్నైకి ఈ విషయంలో ఘనమైన చరిత్రే ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2002 చివర్లో విద్యాసంస్థలకు రేడియో పెట్టుకునే అనుమతి వచ్చింది. 2004 ఫిబ్రవరి 1న అన్నా యూనివర్సిటీలో అన్నా ఎఫ్.ఎం. మొదలైంది. కమ్యూనిటీ రేడియో అంటే ఒక ప్రాంతం జనం కోసం నడిపే చిన్న రేడియో. దేశంలో క్యాంపస్‌లో పెట్టిన మొదటి కమ్యూనిటీ రేడియో అదే. మరుసటి ఏడాది ఎం.ఓ.పీ. వైష్ణవ్ మహిళా కళాశాల రేడియో వచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరిచారు. దేశంలో కమ్యూనిటీ రేడియోకి ఇరవై ఏళ్ల పండుగ కూడా 2024 ఫిబ్రవరి 13న అన్నా యూనివర్సిటీలోనే జరిగింది. అప్పటికి దేశంలో కమ్యూనిటీ రేడియోలు 480 దాటాయి. కొత్త నిబంధనలను కూడా అక్కడే ప్రకటించారు.

ఈ నిబంధనలు చూస్తే సభలు ఎందుకు తక్కువో అర్థమవుతుంది. మొదటిది, ట్రాన్స్‌మిటర్ బలం సాధారణంగా 100 వాట్లకు మించకూడదు. మామూలుగా 10 నుంచి 15 కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. అన్నా యూనివర్సిటీ ఉన్న గిండీ నుంచి ఎన్నూరు 20 కిలోమీటర్ల పైమాటే. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వరదలో నూనె తెట్టు కట్టింది ఎన్నూరు వాగులో. అదే నెలాఖరున అమ్మోనియా గ్యాస్ లీకై జనం రాత్రికి రాత్రి ఇళ్లు వదిలి పరుగెత్తింది కూడా ఆ ప్రాంతంలోనే. నగరంలో అందరికంటే ముందు మైకు కావలసినవాళ్లు సిగ్నల్‌కి అవతల ఉన్నారు.

రెండోది, వార్తలు, రాజకీయ స్వభావమున్న కార్యక్రమాలు వేయకూడదు. వార్తలు కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నది ఉన్నట్టు వేసుకోవచ్చు. ఇక స్థానిక సమస్య మీద సభ పెడితే అది రాజకీయం అవుతుందా, కాదా? చెత్త ఎత్తడం రాజకీయం కాదు. చెత్త కాంట్రాక్టు రాజకీయం. వాక్యం మధ్యలో ఎక్కడ గీత గీయాలో తెలియక చాలా స్టేషన్లు అసలు ఆ వైపే వెళ్లవు. చేతులు కడుక్కోవడం, పోషకాహారం, దోమల నివారణ మీద కార్యక్రమాలు చేసుకుంటాయి. అవి పనికిరానివని కాదు. వాటి కోసం గుంపుగా కూర్చోవాల్సిన పని లేదు, అంతే.

మూడోది డబ్బు. 2024లో ప్రకటనల సమయాన్ని గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచారు. 10 సెకన్ల ప్రకటనకు రేటు 52 రూపాయల నుంచి 74 అయ్యింది. లెక్కేస్తే 12 నిమిషాలూ ఆ రేటుకే పూర్తిగా నిండిన గంటకు వచ్చేది 5,328 రూపాయలు. అన్ని నిమిషాలూ నిండే స్టేషన్ ఉంటే అదృష్టమే. షామియానా, కుర్చీలు, మైకుసెట్టు, టీ, రికార్డింగుకు ఇద్దరు మనుషులు అనుకుంటే ఒక్క సభకే అది చాలదు. కాలేజీ నడిపే స్టేషన్ అయితే విద్యార్థులు ఉచితంగా పనిచేస్తారు, కానీ పరీక్షలప్పుడు సభలుండవు. మూడేళ్లకోసారి మనుషులంతా మారిపోతారు. పేటలో ఒక పెద్దావిడ నమ్మకం సంపాదించడానికి కుర్రాళ్లకు రెండేళ్లు పడితే, మూడో ఏడు వాళ్లు డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతారు.

ఇన్ని ఉన్నా చేసిచూపించినవాళ్లు ఉన్నారు. బెంగళూరులో జైన్ విశ్వవిద్యాలయం వారి రేడియో యాక్టివ్ 2007 నుంచి నడుస్తోంది. చెత్త ఏరుకునేవాళ్లు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అక్కడ అతిథులుగా కాకుండా కార్యక్రమాలు నడిపేవాళ్లుగా కూర్చున్నారు. కోలారు జిల్లాలో తెలుగు వినిపించే బూదికోటలో ఇంకా చిత్రమైన పని జరిగింది. స్వచ్ఛంద సంస్థలకు రేడియో లైసెన్సు ఇవ్వని రోజుల్లో నమ్మ ధ్వని అనే కేంద్రం కేబుల్ వైరు మీద శబ్దం పంపి ఇళ్లకు కార్యక్రమాలు వినిపించింది. ఇక మన తెలుగు నేల మీద జహీరాబాద్ దగ్గరి మాచ్నూరులో సంగం రేడియో ఉండనే ఉంది. దళిత మహిళలు నడిపే ఈ స్టేషన్‌కు ప్రసారం మొదలైంది 2008 అక్టోబర్ 15న. కానీ అంతకు పదేళ్ల ముందు నుంచే వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు పట్టుకెళ్లి ఊళ్లలో సంఘాల సమావేశాల్లో వినిపించారు.

అంటే అక్కడ సభ ముందు, రేడియో తర్వాత. చెన్నై పట్టుకోవాల్సిన కొస ఇది. ఎన్నూరుకి సిగ్నల్ అందకపోతే రికార్డింగు అందుతుంది. ఇప్పుడు క్యాసెట్టు కూడా అక్కర్లేదు, ఫోనులో వాట్సాప్ గుంపు చాలు. పది మంది ఒక అరుగు మీద కూర్చుని విని, తమ మాట చెప్పి తిరిగి పంపిస్తే అదే సభ. లైసెన్సు నిబంధన గాలి తరంగాలకు వర్తిస్తుంది, అరుగుకు కాదు. కాకపోతే వాట్సాప్‌లో తిరిగే గొంతుకూ, ఒక స్టేషన్ పేరు పెట్టుకుని బాధ్యత తీసుకున్న గొంతుకూ తేడా ఉంది. రెండోదాన్ని అధికారి పట్టించుకుంటాడు. మొదటిదాన్ని ఫార్వర్డ్ అనుకుంటాడు.

పెద్ద సమస్యలకు పెద్ద స్టేషనే కావాలి. చెన్నై నీళ్లనే చూడండి. 1983 ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్లు తెలుగుగంగ కాలువ మీద పూండి జలాశయానికి రావాలి. మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు వదులుకుంటే, దారిలో ఆవిరి నష్టం పోను సరిహద్దులో 12 టీఎంసీలు అందాలి. 1996లో మొదటిసారి నీళ్లు వచ్చాయి. అన్ని ఏళ్లూ పూర్తి వాటా రాలేదు. 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే జలాశయాలు ఎండిపోయి, బిందెల వరసలు దేశమంతా చూసిన సంగతి తెలిసిందే. కాలువ పొడవునా ఉన్న తెలుగు రైతు, కాలువ చివర కుళాయి దగ్గర ఉన్న తెలుగు గృహిణి ఒకే నీళ్ల కోసం చూస్తారు, ఒకే భాషలో తిట్టుకుంటారు. వీళ్లిద్దరినీ ఒక కార్యక్రమంలో కలపడం 100 వాట్ల స్టేషన్‌కు సాధ్యం కాదు. తిరుపతి, చెన్నై రెండు చోట్లా కేంద్రాలున్న ఆకాశవాణికి సాధ్యమే. ఒకప్పుడు మద్రాసు నుంచి రెండు భాషలూ ఒకే కప్పు కింద పలికించిన సంస్థకు ఇది కొత్త విద్య ఏమీ కాదు.

సభ నడిపే తీరు గురించి రెండు మాటలు. రేడియోకి ముఖం అవసరం లేదు. ఇది చిన్న సౌకర్యం కాదు. కాంట్రాక్టర్ కింద రోజుకూలీకి పనిచేసే మనిషి టీవీ కెమెరా ముందు నోరు విప్పడు, మర్నాడు పని ఉండదనే భయం. పేరు చెప్పకుండా, కావాలంటే మాటను వేరే గొంతుతో చదివించి, వీధి పేరు కూడా తీసేసి ప్రసారం చేయవచ్చు. ఈ మాట సభ మొదట్లోనే చెప్పాలి. ప్రసారానికి ముందు వాళ్లకే ఒకసారి వినిపించి ‘ఇది వేయమంటారా, వద్దా’ అని అడగాలి. అధికారిని పిలిస్తే వేదిక ఎక్కించకుండా జనంతోపాటే కుర్చీలో కూర్చోబెట్టాలి. వేదిక ఎక్కిన మనిషి జవాబు చెప్పడు, ఉపన్యాసం ఇస్తాడు. అసలు సంగతులు ఎప్పుడూ వందన సమర్పణ అయ్యాక, టీ గ్లాసులు చేతికొచ్చాకే బయటపడతాయి. వాళ్లు సరే అంటే రికార్డరు అప్పటిదాకా ఆన్‌లోనే ఉండాలి.

ఆ తర్వాత చేయాల్సిన పని అన్నిటికన్నా విసుగు పుట్టించేది. సభలో వచ్చిన ప్రశ్నలన్నీ రాసిపెట్టుకుని, కార్పొరేషన్ ఆఫీసుకు ఫోన్లు చేసి, వచ్చిన జవాబును వచ్చే వారం అదే పేటకు అదే వేళకు వినిపించడం. జవాబు రాకపోతే రాలేదని కూడా వినిపించడం. పుణె సంఘాలు బతికిందీ దీనివల్లే, తర్వాతివి చచ్చిందీ ఇది లేకే. దీనికి హాలు అక్కర్లేదు, ముఖ్య అతిథి అక్కర్లేదు. ఒక మనిషి, ఒక నోటుపుస్తకం చాలు. ఫొటో దిగడానికి ఏమీ ఉండదు కాబట్టే దీనికి నిధులిచ్చేవాళ్లు దొరకరు.

వేళ సంగతి కూడా చూసుకోవాలి. సంగం రేడియో రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ప్రసారం పెట్టుకుంది, పొలం నుంచి ఇంటికొచ్చి పొయ్యి ముట్టించాక వింటారని. తెల్లారుజామున పనికెక్కే పారిశుద్ధ్య కార్మికురాలికి ఆ వేళ కుదరదు, అప్పటికి కళ్లు మూతలు పడుతుంటాయి. ఆమె పని దిగి ఇంటికి చేరి, స్నానం చేసి, అన్నం వండుకునే మధ్యాహ్నం వేళే కుదురుతుంది. ఆ సమయంలో చాలా స్టేషన్లు పొద్దుటి కార్యక్రమాన్నే మళ్లీ వేస్తుంటాయి.